మాకు గుర్తుంది... మీకే లేదు!

*చచ్చిన కథానాయిక బతికొస్తుంది. పాత పేరుతో కొత్త కథ మొదలవుతుంది. సినిమా సగంలో ఆగి మిగతాది రెండో భాగంలో చూసుకోమంటుంది. తెలుగు తెర మీద ఏదీ ఓ పట్టాన ముగియడం లేదు. ఈ సాగుడు గురించి దెందులూరు అరుగుల మీదా, కొల్లేటి చెరువు గట్ల మీదా ఏమనుకుంటున్నారు?*

ఏడున్నర దాటింది. దెందులూరులో మా పెద్దమ్మ గోరుచిక్కుళ్ల పళ్లెం ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది. చేతులు ఈనెలు తీసుకుపోతున్నాయి గానీ కళ్లు తెర మీంచి దిగడం లేదు. డాక్టర్ బాబు గుటక మింగి ఏదో చెప్పబోయాడు. కరెంటు పోయింది.

పెద్దమ్మ విసుక్కోలేదు. విసనకర్ర కోసమూ వెతకలేదు. చీకట్లోనే ఫోన్ తడిమి, కొల్లేటి లంకలో ఉండే చెల్లెలికి కలిపింది.

“ఒసేయ్, మీకు కరెంటుందా?”

“ఉందక్కా.”

“అయితే ఫోను తీసుకెళ్లి టీవీ దగ్గర పెట్టు. నువ్వు మాత్రం మాట్లాడకు.”

పిన్ని అలాగే చేసింది. ఇక్కడ చీకట్లో పెద్దమ్మ, ఆవిడ కోడలు, పాల డబ్బుల కోసం వచ్చి ఇరుక్కుపోయిన ఎదురింటావిడ, నేను, అందరం ఆ గరగరలోంచే కథ విన్నాం. సంగీతం మూడుసార్లు ఉరిమింది. మాట మాత్రం వినబడలేదు. పెద్దమ్మ ఉండబట్టలేకపోయింది.

“ఏమైందే?”

“ఏం కాలేదక్కా. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు.”

“వాడి మొహం ఎలా ఉంది?”

“ఎప్పుడూ ఉండేలాగే ఉంది.”

“ఆ మోనిత చెప్పింది నమ్మేశాడా?”

“నమ్మినట్టే ఉన్నాడు.”

“వీడి చదువు తగలెయ్య!”

ఇది ‘కార్తీకదీపం’ మొదటి విడత నాటి ముచ్చట. డాక్టర్ బాబు అంటే అందులో కథానాయకుడు కార్తీక్, మోనిత విలన్. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలైన ఆ సీరియల్, పదిహేను వందల ఎపిసోడ్లు దాటించి 2023 జనవరిలో ముగిసింది. హమ్మయ్య అనుకుని ఏడాది గడిచిందో లేదో, 2024 మార్చి 25న ‘ఇది నవ వసంతం’ అంటూ మళ్లీ వచ్చింది. ప్రేమీ విశ్వనాథ్ మళ్లీ దీప, నిరుపమ్ పరిటాల మళ్లీ కార్తీక్. కథ మాత్రం వేరు. పోనీ సినిమా హాలుకెళ్దామంటే అక్కడా ఇదే వరస. ‘సలార్’ ఒక భాగం, ‘కల్కి’ ఒక భాగం, ‘దేవర’ ఒక భాగం. ‘పుష్ప’ రెండో భాగం చూసొచ్చినవాళ్లు మూడో దాని పేరు కూడా తెలుసుకునే ఇంటికొచ్చారు. మా వైపు ఏ పెళ్లికి వెళ్లినా, విస్తరి ముందు కూర్చుని పప్పులో నెయ్యి పడేలోపు ఈ మాటే వస్తోంది: “ఇవి అయిపోవేంటండీ?”

సీరియళ్లు చూస్తానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. సీక్వెల్ వస్తోందంటే మొదటి రోజే వెళ్లే రకాన్ని. కాబట్టి అభిమానిగా ఒక మాట చెప్పే హక్కు నాకుందనుకుంటాను. కథ పొడుగైందని మా ఊళ్లో ఎవరూ కోప్పడరు. రాసేవాళ్లు తాము రాసిందే మరిచిపోతే కోప్పడతారు. పెద్దమ్మ ఇంకో సీరియల్ చూస్తూ ఒకసారి అడిగింది: “ఆ నెక్లెసు పోయిన వారమే కదా తాకట్టు పెట్టింది, మళ్లీ మెళ్లోకి ఎలా వచ్చింది?” నాకు తట్టలేదు. దర్శకుడికీ తట్టలేదు. ఆవిడకి మాత్రం తాకట్టు పెట్టిన కొట్టువాడి మొహం కూడా గుర్తుంది.

పొడుగు మనకు కొత్తా?

ఇంత లావు కథలు టీవీతోనే వచ్చాయనుకుంటారు కొందరు. ‘చందమామ’ చదివి పెరిగినవాళ్లని అడగండి. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో విక్రమార్కుడు నెలనెలా అదే శవాన్ని భుజానికెత్తుకునేవాడు, నెలనెలా బేతాళుడు మాయమై చెట్టెక్కేవాడు. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే. అవి అయిపోయాక పత్రికవాళ్లు కొత్త కథలు అల్లుకుంటూ దశాబ్దాల పాటు నడిపారు. ఏ పిల్లాడూ “ఇంకెన్నాళ్లు మోస్తాడు?” అని అడగలేదు. రాజు రాజులాగే, బేతాళుడు బేతాళుడిలాగే ఉన్నారు. కథ మారినా వాళ్ల తీరు మారలేదు.

మా పశ్చిమ గోదావరి కథ ఇంకా ముచ్చటైనది. తణుకులో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యికి పైగా చిన్న నవలలు రాశారు. రైలెక్కినవాళ్లు కొనుక్కుని, దిగేలోపు చదివేసి, పక్కవాళ్లకిచ్చి పోయే పుస్తకాలవి. పండితులు వాటిని పట్టించుకోలేదు. చదవడం అప్పుడప్పుడే పట్టుబడుతున్న ఆడవాళ్లు మాత్రం దాచుకుని దాచుకుని చదివారు. ఆ తర్వాత వారపత్రికల్లో యండమూరి వచ్చారు. ‘తులసిదళం’ ముగిసిందని పాఠకులు స్థిమితపడకముందే ‘తులసి’తో మళ్లీ భయపెట్టారు. అది అచ్చమైన సీక్వెల్. పాత భయం జ్ఞాపకం లేకపోతే కొత్త భయానికి బలమే ఉండేది కాదు.

ఇక అత్తాకోడళ్ల కథకి మూలం వెతుక్కుంటూ మేం దూరం వెళ్లక్కర్లేదు. ఎల్.వి. ప్రసాద్ 1908లో పుట్టిన సోమవరప్పాడు ఏలూరు పక్కనే. హిందీ ‘ఆలం ఆరా’, తమిళ ‘కాళిదాస్’, తెలుగు ‘భక్త ప్రహ్లాద’, మూడు భాషల తొలి టాకీల్లోనూ కనిపించిన మనిషి ఆయన. 1950లో ఆయనే తీసిన ‘సంసారం’ చూడండి. చాలీచాలని జీతం, ఊరినుంచి వచ్చి తిష్ఠ వేసిన అత్త, ఆడబిడ్డ, నలిగిపోయే కోడలు. సూర్యకాంతానికి గయ్యాళి పేరు ఖాయం చేసిన సినిమా అది. ఇవాళ రాత్రి ఏ చానల్ పెట్టినా ఆ ఇల్లే కనిపిస్తుంది. అప్పుడు రెండున్నర, మూడు గంటల్లో చెప్పిన కష్టాలకే ఇప్పుడు అయిదేళ్లు పడుతోంది. ఆ అయిదేళ్లూ చూడగలుగుతున్నామంటే లోపల ఉన్న కథ గట్టిదే అయ్యుండాలి.

> సబ్బుల కథ
> అమెరికాలో ‘గైడింగ్ లైట్’ 1937లో రేడియోలో మొదలైంది. 1952లో టీవీకి మారి 2009 దాకా నడిచింది. డెబ్బై రెండేళ్లు! సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టి నడిపించేవి కాబట్టి ఈ జాతి కథలన్నిటికీ అక్కడ ‘సోప్’ అనే పేరు స్థిరపడింది. బ్రిటన్‌లో 1960 డిసెంబరులో మొదలైన ‘కారొనేషన్ స్ట్రీట్’ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మన పదిహేను వందల ఎపిసోడ్లు వాళ్ల లెక్కలో పసిపిల్ల.

పాత్ర పేరే ఇంటిపేరు

దెందులూరు మండలంలోనే కొవ్వలి ఉంది. విజయలక్ష్మి అనే అమ్మాయి పుట్టిన ఊరు. 1980లో తమిళంలో వచ్చిన ‘వండిచక్రం’లో ఆ అమ్మాయి వేసిన పాత్ర పేరు సిల్క్. సినిమా ఆడి వెళ్లిపోయినా, పేరు మాత్రం మనిషిని వదల్లేదు. దక్షిణాదంతా ఆమెని సిల్క్ స్మిత అనే పిలిచింది. 1996లో ఆమె పోయింది. ఇన్నేళ్ల తర్వాతా ఆ పేరే.

టీవీ ఆ పని ఇంకా గట్టిగా చేస్తుంది. సినిమా నటుణ్ణి ఏడాదికి రెండుసార్లు చూస్తాం, సీరియల్ నటుణ్ణి వారానికి అయిదారు రోజులు చూస్తాం. మంజులా నాయుడు దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’తో తెలుగిళ్లకి రోజువారీ సీరియల్ అలవాటు చేశారు. తర్వాత జెమినీలో 2003 నుంచి ‘చక్రవాకం’, అది అవుతూనే 2008లో ‘మొగలిరేకులు’ ఇచ్చారు. రెండూ వెయ్యి ఎపిసోడ్లు దాటాయి. ‘మొగలిరేకులు’లో ఆర్కే నాయుడుగా వేసిన సాగర్, ఇప్పుడు సినిమా పోస్టర్ల మీద ఆర్కే సాగర్. పాత్ర పేరులోని రెండక్షరాలు నటుడి పేరు ముందుకొచ్చి కూర్చున్నాయి. కొవ్వలి అమ్మాయికి జనం పెట్టారు, ఈయన తానే పెట్టుకున్నాడు, అంతే తేడా.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తాగా చేసే మా బావ ఒకాయన ఉన్నాడు. మహారాష్ట్ర నుంచి వచ్చిన లారీ దిగుతుంటే బస్తాలు లెక్కపెడుతూ నిలబడతాడు. అప్పుడు ఫోన్ మోగితే ‘మొగలిరేకులు’ పాటే వినిపిస్తుంది. సీరియల్ అయిపోయి పదేళ్లు దాటింది. హమాలీలు కూడా ఆయన్ని నాయుడుగారనే పిలుస్తారు, ఆయన ఇంటిపేరు ఇంకేదో అయినా.

“అందులో ఏముంది బావా అంత?” అని అడిగాను.

“తండ్రి ఆర్కే నాయుడూ వాడే, తర్వాత కొడుకూ వాడే కదా. కొడుకు కోపం తెచ్చుకుంటే నాకు తండ్రి కనపడేవాడు. అలా కనపడేలా చెయ్యడం వాళ్లకి తెలుసు.” అని మళ్లీ బస్తాల వైపు తిరిగాడు. “ఇరవై ఆరు... నువ్వు మాటల్లో పెట్టావు, ఇరవై ఏడు.”

తరం మార్చి కథ నడపడం గురించి ఇంతకంటే మంచి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

చనిపోయి, తిరిగొచ్చి

2022 మార్చిలో ‘కార్తీకదీపం’ పెద్ద సాహసమే చేసింది. దీపనీ కార్తీక్‌నీ ప్రమాదంలో చంపేసి, కూతుళ్లు హిమ, శౌర్యలను పెద్దవాళ్లను చేసి కథ వాళ్ల చేతికిచ్చింది. ఆ రాత్రి మా వీధిలో కొందరు నిజంగానే అన్నం తినలేదు. మర్నాడు మా పెద్దమ్మ టీవీ పెట్టలేదు. “అమ్మా నాన్నా లేని ఇంట్లో మనకేం పని?” అంది. అలాంటి పెద్దమ్మలు రాష్ట్రమంతటా ఉన్నట్టున్నారు, సీరియల్ వెలవెలబోయింది. కొన్ని నెలలకే దీపా బతికొచ్చింది, డాక్టర్ బాబూ బతికొచ్చాడు.

ఇంగ్లిషు వాళ్లకీ ఈ కష్టం వచ్చింది. కానన్ డాయిల్ విసిగిపోయి 1893లో షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలో పడేశాడు. పాఠకులు ఊరుకోలేదు. పదేళ్ల తర్వాత, 1903లో, ఆ డిటెక్టివ్ నిక్షేపంగా తిరిగొచ్చాడు. ఎలా తప్పించుకున్నదీ డాయిల్ ఒక సంజాయిషీ రాశాడు. అది నమ్మశక్యంగా ఉందా లేదా అన్నది వేరే మాట. కనీసం చెప్పాల్సిన బాధ్యత తనకుందని గుర్తించాడు.

నా పేచీ ఇక్కడే. చచ్చినవాణ్ణి బతికించండి, కాదనం. మన పురాణాల్లో సావిత్రి యముడితో వాదించి మరీ మొగుణ్ణి తెచ్చుకుంది. కానీ తిరిగొచ్చినవాడి ఒంటి మీద పోయిన ఆనవాలు ఉండాలి. ఇంట్లో పెట్టుకున్న దండ వేసిన ఫోటో ఎవరు తీశారు? కర్మకాండలు చేసిన పిల్లలు ఎదురుపడితే మొదటి మాట ఏమంటారు? ఈ రెండు సన్నివేశాలూ సరిగ్గా రాస్తే ఏడాది కథ వస్తుంది. వాటిని దాటేసి మళ్లీ పాత విలన్‌నే దించుతారు.

మరి ‘నవ వసంతం’? దాంట్లో పాత కథ జ్ఞాపకమే లేదు. పేర్లూ మొహాలూ తెచ్చుకుని గతాన్ని గుమ్మం బయట వదిలేసింది. నా సిద్ధాంతం ప్రకారం జనం దాన్ని తిప్పికొట్టాలి. తిప్పికొట్టలేదు. పెద్దమ్మ మొదటి రోజు నుంచీ చూస్తోంది. “పాతదంతా ఏమైనట్టు?” అని అడిగాను.

“ఇది వాళ్లకి ఇంకో జన్మరా. పోయిన జన్మలో సుఖపడలేదు కదా, పాపం.”

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ‘మూగమనసులు’ 1964లో, ‘మగధీర’ 2009లో, రెండు జన్మల కథలకి కాసులు కురిపించిన జనం మనం. సీక్వెల్ అనే మాట మన నాలుకలకి అలవాటు కాకముందే పునర్జన్మ మనకి అలవాటు. జీవుడు అదే, కథ వేరు. ‘ఎఫ్2’ తర్వాత వచ్చిన ‘ఎఫ్3’ కూడా ఇదే పద్ధతి. అవే జంటలు, పాత కథతో చుట్టరికం లేదు. నాకు అది ఇప్పటికీ గడుసుతనంగానే కనిపిస్తుంది. పెద్దమ్మకి న్యాయంగా కనిపిస్తుంది.

> ఒకే కోడలు, ఏడు భాషలు
> 2019లో బెంగాలీలో ‘శ్రీమొయీ’ వచ్చింది. ఇల్లే లోకంగా బతికి, మొగుడు ఇంకొకరి వైపు వెళ్లాక తన కాళ్ల మీద తాను నిలబడ్డ ఇల్లాలి కథ. అదే తెలుగులో ‘ఇంటింటి గృహలక్ష్మి’, హిందీలో ‘అనుపమా’, తమిళంలో ‘బాక్యలక్ష్మి’, మరాఠీలో ‘ఆయీ కుఠే కాయ్ కర్తే’, మలయాళంలో ‘కుడుంబవిళక్కు’. కన్నడంలోనూ వచ్చింది. ‘కార్తీకదీపం’ మొదటి విడత మలయాళ ‘కరుత్తముత్తు’కి రీమేక్. అక్కడా ఇక్కడా కథానాయిక ప్రేమీ విశ్వనాథే.

ఎందుకు సాగుతాయంటే

సీరియల్‌కి జాతకం గురువారం వస్తుంది. దేశం మొత్తం మీద యాభై వేలకు పైగా ఇళ్లలో బార్క్ సంస్థ మీటర్లు పెట్టింది. ఆ ఇళ్లలో ఎవరు ఏం చూశారో లెక్కకట్టి వారానికోసారి రేటింగులు ఇస్తుంది. రేటింగ్ ఉన్నంతకాలం కథ ముగించేవాడు లేడు. లేనినాడు మూడు వారాల్లో పెళ్లి చేసి, విలన్‌ని జైల్లో వేసి, అందరినీ వరసగా నిలబెట్టి దణ్ణం పెట్టిస్తారు. కథకి ముగింపు రాసుకుని మొదలెట్టిన సీరియల్ కూడా ఈ గురువారాల చేతిలో పడితే దారి తప్పాల్సిందే.

కొత్త సీరియల్ నిలబడాలంటే జనానికి పేర్లు, మొహాలు, ఇల్లు, శత్రువు అన్నీ అలవాటు చెయ్యాలి. దానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో ప్రకటనలు పల్చగా ఉంటాయి. పాత పేరు పెట్టుకుంటే ఆ ఖర్చు మిగులుతుంది. ఇది వ్యాపారం, తప్పుపట్టను. చిత్రీకరణ కూడా పరుగే. ఇవాళ తీసింది ఈ వారమే వెళ్లిపోవాలి. సీన్ పేపర్ కొన్నిసార్లు సెట్లోకే వచ్చి పడుతుంది. కన్నడిగులు, మలయాళీలు అయిన నటులకి పక్కనుంచి ప్రాంప్టింగ్ చెబుతారు, గొంతు ఇంకొకరు ఇస్తారు. ఈ హడావుడిలో పోయిన వారం తాకట్టు పెట్టిన నెక్లెసు ఎవరికి గుర్తుంటుంది? నిజమే. అయితే ఒక పని చెయ్యొచ్చు. ప్రతి సీరియల్ ఆఫీసులో నెల జీతం ఇచ్చి ఒక పెద్దమ్మని కూర్చోబెట్టండి. రాసిన ప్రతి సీనూ ఆవిడకి చదివి వినిపించండి. నేను వేళాకోళానికి అనడం లేదు.

అమృతం ఎక్కడ ఆగింది

ముగించడం తెలిసినవాళ్లూ మనలో ఉన్నారు. గుణ్ణం గంగరాజు ‘అమృతం’ జెమినీలో 2001 నవంబరు 18న మొదలై, సరిగ్గా ఆరేళ్లకి 2007 నవంబరు 18న ముగిసింది. 313 ఎపిసోడ్లు. వారానికి ఒక్కటే. అమృతరావు, ఆంజనేయులు ఇద్దరూ కలిసి ఓ దరిద్రపు హోటల్ నడపడం, పైకి రావాలని ఓ ఎత్తు వెయ్యడం, అది తిరగబడటం, ఇంటి ఓనరు అప్పాజీతో తిట్లు తినడం. పై వారం ఏమీ జరగనట్టే మళ్లీ మొదలు.

నేను పైన చెప్పిన సూత్రానికి ఇది అడ్డం పడేలా ఉంది. ఇందులో అమృతరావు పాత్రధారే మారిపోయాడు. మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. ఎవరూ యాగీ చెయ్యలేదు. ఎందుకంటే మొహం మారినా బుద్ధి మారలేదు. ఏ మొహంతో ఉన్నా అమృతరావు ఆశపడాల్సిన చోటే ఆశపడ్డాడు, జారిపడాల్సిన చోటే జారిపడ్డాడు. పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఉన్నాడు, అదే అమాయకపు నవ్వుతో. ఆ ఒక్క మనిషీ నిలబడి ఉంటే ఎదురుగా ఎవరున్నా అమృతరావే అనిపించేది.

2018 ఫిబ్రవరిలో ఆయన పోయాడు. 2020 ఉగాది నాడు, అంటే లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే, జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్. గొప్ప నటుడు, నవ్వించడం ఆయనకి కొత్త కాదు. అయినా నాకు పొసగలేదు. ఇల్లు కదలొద్దన్న రోజుల్లో ఖాళీగా కూర్చుని చూశాను. కొత్త ఎపిసోడ్ ఆపేసి యూట్యూబ్‌లో పాతవి పెట్టుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో అన్నాల వేళ ఏం పెట్టాలో తోచకపోతే పాత ‘అమృతం’ పెడతారు. వచ్చే డైలాగు ముందే అనేస్తూ తింటారు.

సగం సినిమా, పూర్తి టికెట్టు

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో ఇరవై ఒక్క నెలల పైచిలుకు దేశమంతా ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? దాని తర్వాత ప్రతి నిర్మాతకీ తన సినిమాలోనూ ఓ కట్టప్ప ఉన్నాడనిపించింది. అసలు సంగతి వేరు. ఆ మొదటి భాగానికి తనదంటూ ఒక యుద్ధం, ఒక గెలుపు ఉన్నాయి. కాలకేయుడు చచ్చాడు, భల్లాలదేవుడి పాపం బయటపడింది. ఆ తర్వాతే ప్రశ్న వేశారు. కడుపు నిండా పెట్టి, రేపు కూడా రమ్మన్నారు.

ఇప్పుడు వస్తున్న కొన్ని మొదటి భాగాల్లో మూడు గంటలు పరిచయాలే. రాజ్యం పేరు, తెగ పేరు, కత్తి పేరు. కథ కదిలే వేళకి లైట్లు వేస్తారు. సెట్లు ఒకసారి వేస్తే రెండు సినిమాలకి పనికొస్తాయి, హిందీ మార్కెట్ పెద్దది, ఓటీటీ హక్కులు రెండుసార్లు అమ్ముకోవచ్చు. ఈ లెక్కలు ఏలూరులో టికెట్ కొన్నవాడికి అక్కర్లేదు. ‘పుష్ప’ రెండు భాగాల మధ్య మూడేళ్లు గడిచినా జనం విరగబడి వెళ్లారంటే, వాళ్లకి గుర్తున్నది ఒక్క పంతమే. భుజం ఎగరేసి నడిచే ఆ మనిషిని మరిచిపోనివ్వలేదు. అది దర్శకుడు సుకుమార్ పనితనం.

నాకు అన్నిటికంటే నచ్చిన కొనసాగింపు మాత్రం ఇంత హంగామా లేనిది. ‘దృశ్యం 2’. మొదటిది 2014లో హాల్లో వచ్చింది, రెండోది 2021 నవంబరులో నేరుగా ప్రైమ్‌లో. కథ మలయాళీ జీతూ జోసెఫ్‌ది. బయట ఏడేళ్లు గడిచాయి, కథలోనూ ఏళ్లు గడిచాయి. కథానాయకుడు రాంబాబు ఇప్పుడు థియేటర్ యజమాని. కాస్త డబ్బు చేరింది. కానీ పోలీసు జీపు చప్పుడైతే అతని కూతురు ఇంకా ఉలిక్కిపడుతుంది. ఊళ్లోవాళ్ల సానుభూతి కాస్తా ఈర్ష్యగా మారింది. పోలీసులు మరిచిపోలేదు, చనిపోయిన కుర్రాడి తల్లి మరిచిపోలేదు, మనమూ మరిచిపోలేదు. ఆ కథకి పెట్టుబడి మొత్తం జ్ఞాపకమే.

చెరువు గట్టు మీద

దెందులూరు నుంచి దక్షిణంగా కొల్లేటి వైపు దిగితే వరి చేలు పోయి చెరువులు మొదలవుతాయి. చేపలు, రొయ్యలు. రాత్రి పూట ఏరియేటర్ల హోరు. గట్టు మీద రేకుల షెడ్డులో కాపలా కుర్రాడు. తెల్లవారుజామున నీళ్లలో గాలి తగ్గుతుంది కాబట్టి పడుకోకూడదు. పడుకుంటే యజమాని లక్షలు తేలిపోతాయి, తెల్లగా, పొట్టలు పైకి పెట్టి. మెలకువగా ఉండటానికి వాడికి ఉన్నది ఫోనొక్కటే.

అలాంటి కుర్రాళ్లు ఎన్ని చూశారో అడిగితే నాకే సిగ్గేసింది. ‘సేవ్ ది టైగర్స్’ రెండు సీజన్లూ అయిపోయాయి. ‘90స్’ రెండుసార్లు చూశాడొకడు, అందులో నాన్న తన నాన్నలాగే ఉన్నాడట. కొరియా వాళ్లవి డబ్బింగులో. వాడి దగ్గర ఒక నియమం ఉంది. ఏ సిరీసైనా ఆఖరి భాగం వచ్చేసిందని తెలిస్తేనే మొదలెడతాడు.

“మధ్యలో ఆపేస్తే ఏం చేస్తామండీ? సంవత్సరం తర్వాత ఎవడు ఎవడో మళ్లీ మొదట్నుంచీ చూసుకోవాలి. అప్పటికి నేను ఈ చెరువు మీద ఉంటానో, ఇంకో చెరువు మీద ఉంటానో.”

టీవీ చూసేవాళ్లకీ ఫోన్ చూసేవాళ్లకీ తేడా ఇక్కడే వచ్చింది. పెద్దమ్మకి ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య ఒక పగలు ఉంటుంది. ఆ పగలంతా ఎదురింటావిడతో, లంకలో చెల్లెలితో, అమెరికాలో కూతురితో కథ నెమరేసుకుంటుంది. కూతురు అక్కడ యప్ టీవీలో పెట్టుకుని ఉద్యోగానికి వెళ్లేలోపు చూసి ఫోన్ చేస్తుంది. అందుకే ఆవిడకి అన్నీ గుర్తుంటాయి. కాపలా కుర్రాడు ఒక్కడే ఒక్క రాత్రిలో ఎనిమిది భాగాలు మింగుతాడు. మాట్లాడుకోవడానికి పక్కన కుక్క తప్ప ఎవరూ లేరు. రెండో సీజన్ వచ్చేసరికి వాడికి పేర్లే గుర్తుండవు. సిరీసులు తీసేవాళ్లు మొదట్లో నిమిషన్నర పాటు పాత కథ చూపించేది వాడి కోసమే.

రెండు కలిపి ఒకటి

2025 అక్టోబరు 31న రాజమౌళి ‘బాహుబలి’ రెండు భాగాలనీ కుట్టి ఒకే సినిమాగా విడుదల చేశారు. సుమారు అయిదున్నర గంటల కథ మూడు గంటల ముప్పావుకి వచ్చింది. కొన్ని పాటలు పోయాయి, ప్రేమకథ కొంత పోయింది. పదేళ్ల పాటు అందరూ ఒకదాన్ని రెండు చేస్తూ వచ్చారు, ఆ దారి వేసినాయనే రెండిటిని ఒకటి చేశారు. నాకు బాగా నచ్చింది. కట్టప్ప ఎందుకు కత్తి దించాడో ఆ ఆటలోనే తెలిసిపోతుంది. ఇరవై ఒక్క నెలలు ఆగక్కర్లేదు.

ఉల్లిపాయల మార్కెట్ బావని అడిగాను, వెళ్లొచ్చాడట.

“బాగానే ఉంది గానీ, మా అబ్బాయికి మజా తెలీలేదు. ఎందుకు చంపాడో అని వాడు ఒక్క రాత్రయినా ఆలోచించలేదు. మేం హమాలీలతో పందేలు కాశాం. నేను రెండొందలు పోగొట్టుకున్నాను.”

“దేని మీద కాశావు?”

“కట్టప్పకి రాజ్యం మీద ఆశ పుట్టిందని.”